ఊగే రోలర్ కోస్టర్ ఎక్కిన క్రేన్ మెకానిక్: నా అనుభవం

నేను పని చేసేది ఓవర్‌హెడ్ క్రేన్ల మెయింటెనెన్స్‌లో. పైన పట్టాల మీద ట్రాలీ, దాని కింద హుక్కు, హుక్కుకు వేలాడే బరువు. మా పనిలో ఊపు అంటేనే పడదు. బరువు ఊగిందంటే ముందు ఆపరేటర్‌కి చీవాట్లు, ఊపు ఆగేదాకా ఆ చుట్టుపక్కల ఎవరూ నిలబడకూడదు. ఇన్నేళ్ళలో అది ఒంటబట్టిపోయింది. అలాంటివాణ్ణి పట్టుకొచ్చి, పట్టాల కింద వేలాడుతూ మలుపు మలుపుకీ పక్కకి లేచిపోయే బోగీలో కూర్చోమంటే ఎలా ఉంటుంది? మా చెల్లెలి కూతురు సరిగ్గా అదే చేసింది. పార్కుకి వెళ్ళడం ఖాయమైన రోజు నుంచీ "మావయ్యా, నువ్వు నాతో ఎక్కాల్సిందే" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

పట్టా పైన, మనం కింద ఉండే కోస్టర్లు రెండు రకాలు. ఒకదానిలో సీట్లు పట్టా మీది చక్రాల బండికి గట్టిగా బిగించి ఉంటాయి, అటూ ఇటూ కదలవు. మనిషిని తలకిందులు కూడా చేస్తాయి. 1992లో అమెరికాలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అమెరికా అనే పార్కులో బ్యాట్‌మ్యాన్ ద రైడ్ మొదలయ్యాక ఆ రకం జోరందుకుంది. రెండోది అంతకంటే పాతది. అందులో బోగీ పైనున్న చక్రాల బండికి పిన్ను మీద వేలాడుతుంది. మలుపు వస్తే దాని వేగాన్ని బట్టి పక్కకి ఊగుతుంది. తలకిందులు చేయదు, వేగం కూడా మరీ ఎక్కువ ఉండదు. అమెరికాలోనే సీడర్ పాయింట్ పార్కులో 1987లో పెట్టిన ఐరన్ డ్రాగన్, మ్యాజిక్ మౌంటెన్ పార్కులో 1988లో పెట్టిన నింజా ఈ రకమే. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి కట్టింది తక్కువ, మిగిలింది ఇంకా తక్కువ. మేం ఎక్కింది ఈ రెండో రకం.

కంచె దగ్గర నిలబడి చూస్తుంటే మా చెల్లెలు మొదటి ప్రశ్న వేసింది. "అన్నయ్యా, అంత పక్కకి లేస్తోంది, ఆ స్తంభానికి కొట్టుకోదూ?" రైలు అప్పుడే ఒక మలుపు తిరిగి రెండు స్తంభాల మధ్యలోంచి దూసుకుపోయింది. నిజానికి నాకూ అదే అనుమానం, కానీ పిల్ల పక్కనే ఉంది. నోరు మెదపలేదు.

మా పక్కనే అప్పుడే దిగి వచ్చినవాళ్ళు కొందరు నిలబడి మాట్లాడుకుంటున్నారు. వేరే రైడ్ల దగ్గర దిగినవాళ్ళు "ఎంత బాగుందో" అంటారు. ఇక్కడ మాటలు వేరుగా ఉన్నాయి. ఒకావిడ భుజాల మీదకి ఏమీ రాలేదని, ఒళ్ళో ఒక్క కమ్మీ తప్ప ఏ ఆధారమూ లేదని అంటోంది. ఆమె భర్త, "ఇంకొంచెం ఊగితే జారిపోయేవాళ్ళం" అన్నాడు. ఒక కుర్రాడు మాత్రం వెనకాల బోగీలో "టక్, టక్" అని ఏదో కొట్టుకుంటోందని రెండుసార్లు చెప్పాడు. మిగతావాళ్ళు నవ్వి ఊరుకున్నారు. నాకు ఆ మాట దగ్గరే చెవులు నిక్కబొడుచుకున్నాయి. జారిపోతామేమో, కొట్టుకుంటామేమో అన్నవి ఎవరికైనా వచ్చే భయాలు. అప్పటికప్పుడు విన్న ఒక చప్పుడు గురించి చెప్పడం మాత్రం సమాచారం.

అందుకే వెంటనే క్యూలోకి వెళ్ళలేదు. పిల్ల ముఖం మాడ్చుకున్నా సరే, కంచె దగ్గరే కాసేపు నిలబడి ఒకే మలుపుని చూస్తూ ఉన్నాను. ఇది ఎవరైనా చేయొచ్చు, మెకానిక్ అవక్కర్లేదు. మలుపులో బోగీ ఎంత ఎత్తుకి లేచింది అన్నది కాదు చూడాల్సింది, మలుపు దాటాక ఊపు ఎంత త్వరగా చల్లారింది అన్నది. పైన పిన్ను పక్కనే షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. అవి బాగుంటే బోగీ తిన్నగా దారిలో పడగానే ఒకటి రెండు ఊపులతో సర్దుకుంటుంది. తిరుగుతున్నవి రెండు రైళ్ళు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఎరుపు రైల్లో అన్ని బోగీలూ ఒకేలా సర్దుకుంటున్నాయి. నీలం రైల్లో చివరి బోగీ మాత్రం మిగతావి నిలకడగా వేలాడుతున్నప్పుడు కూడా ఇంకా కొంచెం ఊగుతూనే పోతోంది. చివరి బోగీకి ఊపు కాస్త ఎక్కువ ఉండటం మామూలే కావచ్చు. కానీ ఎరుపు రైల్లో చివరిది అలా లేదు.

ఈ రకం కోస్టర్ల చరిత్ర వెళ్ళేముందే కొంత చదివాను. చదవకుండా ఉంటే నిద్ర పట్టేదేమో. ఆధునికంగా కట్టిన వాటిలో మొదటిది 1981లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కింగ్స్ ఐలాండ్ పార్కులో పెట్టారు. పేరు ద బ్యాట్. కట్టింది యారో (Arrow) అనే కంపెనీ. ఉక్కు గొట్టాలతో కోస్టర్ పట్టాలు వేయడం మొదలుపెట్టింది, 1959లో డిస్నీల్యాండ్‌లో మ్యాటర్‌హార్న్ అనే కోస్టర్ కట్టింది వాళ్ళే. అంత అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఒక విషయం దగ్గర దెబ్బతిన్నారు. బోగీ తనంతట తానే ఊగుతుంది కదా అని మలుపుల్లో పట్టాని ఒరగకుండా చదునుగా వేశారు. బోగీలు విసురుగా పక్కకి లేస్తుంటే ఆ భారమంతా షాక్ అబ్జార్బర్ల మీద, పట్టా మీద, స్తంభాల మీద పడింది. రైడ్ నడిచిన రోజుల కంటే మూసేసి రిపేర్ చేస్తున్న రోజుల గురించే జనం ఎక్కువ చెప్పుకునేవాళ్ళు. 1983 తర్వాత అది మళ్ళీ నడవలేదు. విప్పేశారు.

ఈ కథలో చాలామంది చూసేది "మొదటిది ఫెయిలైంది" అన్నంతవరకే. నాకు తోచింది ఏమిటంటే, ఊగడం వల్ల కాదు, ఊపుకి తగ్గట్టు పట్టాని ఒరగబెట్టకపోవడం వల్ల అది చెడింది. తర్వాత కట్టినవాటిలో మలుపుల్లో పట్టా ముందే ఒరిగి ఉంటుంది. 1984లో అమెరికాలోని బుష్ గార్డెన్స్ విలియమ్స్‌బర్గ్ పార్కులో వచ్చిన బిగ్ బ్యాడ్ వుల్ఫ్ 2009 దాకా పాతికేళ్ళు నడిచింది, అది కూడా ఇళ్ళ సెట్టింగ్ మధ్యలోంచి, నది మీదుగా. కింగ్స్ ఐలాండ్ వాళ్ళే 1993లో అదే కంపెనీ చేత ఇంకో ఊగే కోస్టర్ కట్టించుకున్నారు. 2014లో దానికి ద బ్యాట్ అన్న పాత పేరే పెట్టారు.

మనుషులు రోజూ ఎక్కి తిరిగే వేలాడే రైలు కూడా ఒకటుంది. జర్మనీలోని వుపర్టాల్‌లో 1901 నుంచి నది మీదుగా పట్టాకి వేలాడుతూ నడుస్తోంది. మలుపుల్లో అదీ ఊగుతుంది, ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు ఎవరూ పట్టించుకోరు. దాని చరిత్రలో పెద్ద ప్రమాదం 1999 ఏప్రిల్ 12న జరిగింది. రాత్రి పట్టా మీద పని చేసినవాళ్ళు ఒక ఇనుప బిగింపుని తీయడం మరిచిపోయారు. తెల్లవారుజామున మొదటి రైలు దానికి తగిలి నదిలో పడింది, ఐదుగురు చనిపోయారు. దాదాపు వందేళ్ళు ఊగుతూనే నడిచిన రైలుని పడగొట్టింది పని అయ్యాక సరిచూసుకోని ఒక ముక్క. మా క్రేన్ల దగ్గర కూడా స్పానర్ పైన మరిచిపోయినవాణ్ణి కొట్టినంత పని చేస్తాం. ఎందుకో ఇలాంటివి చదివితే తెలుస్తుంది.

ఇక జారిపోతామేమో అన్న భయం. ఇది కంచె దగ్గర మా చెల్లెలికి వివరించాను, సగం ఆమె కోసం, సగం నా కోసం. నీళ్ళ బకెట్‌ని చేత్తో పట్టుకుని విసురుగా తిప్పితే నీళ్ళు ఒలకవు, ఎందుకంటే నీళ్ళు పక్కకి కాదు, బకెట్ అడుగువైపుకే నొక్కుకుంటాయి. బోగీ కూడా అంతే. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో 23 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తిరిగితే, ఏ ఆటంకమూ లేకుండా వేలాడే బోగీ దాదాపు 45 డిగ్రీలు పక్కకి లేస్తుంది. బయటనుంచి చూసేవాడికి మనిషి జారిపోతున్నట్టే ఉంటుంది. లోపల కూర్చున్నవాడికి మాత్రం తన బరువు సుమారు 1.4 రెట్లు అయినట్టు, సీటు లోపలికి దిగబడినట్టు అనిపిస్తుంది. పక్కకి నెట్టే బలం పెద్దగా ఉండదు. అదే వేగంతో అదే మలుపుని ఊగని, ఒరగని బండిలో తిరిగితే మనిషి బరువంత బలం పక్కనుంచి నెట్టి గోడకేసి నొక్కుతుంది. అంటే ఊపే మనల్ని సీట్లో కూర్చోబెడుతోంది. తలకిందులు కాని, కిందకి మెల్లగా దిగే ఇలాంటి రైడ్‌కి ఒళ్ళో కమ్మీ సరిపోవడానికి కారణం కూడా అదే. ఆ కమ్మీ మాత్రం సరిగ్గా పడాలి.

మా చెల్లెలు అంతా విని, "నువ్వు చెప్పింది బాగానే ఉంది, నేను మాత్రం ఎక్కను" అంది. ఆమెకి మెడనొప్పి ఉంది, గేటు దగ్గర బోర్డు మీద మెడ, నడుము, గుండె ఇబ్బందులున్నవాళ్ళు ఎక్కొద్దని రాసి ఉంది. అది మంచి నిర్ణయమే. ఇలాంటి బోర్డుల్ని జనం తమకి కానట్టు చదువుతారు.

క్యూ గురించి చెప్పేదేమీ లేదు, క్యూలన్నీ ఒకటే. ప్లాట్‌ఫామ్ మీదకి వచ్చేసరికి నీలం రైలు వచ్చింది. నేను కావాలనే చివరి బోగీ వరసలో నిలబడ్డాను. పిల్ల సంబరపడింది, చివర ఎక్కువ ఊగుతుందట.

బోగీ అంటే నలుగురు పట్టే తొట్టి. కింద నేల ఉంది, కాళ్ళు గాల్లో వేలాడవు. ఎక్కుతున్నప్పుడు కదలకుండా కింద రెండు పక్కలా పట్టాల్లాంటివి పట్టి ఉంచుతాయి. కమ్మీ నా పొట్ట దగ్గరే ఆగిపోయింది, పక్కన పిల్లకి మాత్రం ఒడికి, కమ్మీకి మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ. అదృష్టం కొద్దీ ఇద్దరికీ వేరువేరు కమ్మీలు. ఒకే కమ్మీ ఇద్దరికీ ఉండే రైళ్ళలో లావుగా ఉన్న మనిషి పక్కన చిన్నపిల్ల కూర్చుంటే కమ్మీ పెద్దమనిషి దగ్గరే ఆగిపోతుంది. అలాంటి చోట పిల్లల్ని పిల్లల పక్కనే కూర్చోబెట్టడం మేలు. పిల్ల కమ్మీని ఇంకొంచెం నొక్కమని నేనంటే ఆపరేటర్ కుర్రాడు వచ్చి ఇంకో రెండు క్లిక్కులు దించాడు, తర్వాత పైకి లాగి చూశాడు. ప్రతి సీటు దగ్గరా అలాగే కిందకి నొక్కి, పైకి లాగి చూస్తున్నాడు. చూపుతో సరిపెట్టలేదు. అది చూశాక సగం టెన్షన్ తగ్గింది.

రైలు గొలుసు పట్టుకుని పైకి ఎక్కుతుంటే కటకటమని ఆ చప్పుడు ఉంటుంది కదా, కొత్తవాళ్ళు భయపడేది దానికే. ఒకవేళ గొలుసు తెగినా రైలు వెనక్కి జారకుండా మెట్టు మెట్టుకీ పడే ఇనుప నాలుకల చప్పుడు అది. వినపడుతున్నంతసేపూ నిశ్చింతగా ఉండొచ్చు. చక్రాల సంగతి కూడా అంతే. పట్టాని పైనుంచి ఒక జత, పక్కనుంచి ఒక జత, కిందనుంచి ఒక జత పట్టుకుని ఉంటాయి. కిందనుంచి పట్టుకునే చక్రానికి అమెరికాలో జాన్ మిల్లర్ అనే కోస్టర్ డిజైనర్ 1919లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు కోస్టర్లు పట్టా మీద ఎక్కువగా బరువుతోనే నిలిచేవి.

పైకి చేరాం. గొలుసు వదిలింది.

మొదటి మలుపులో నా ఒళ్ళు నా చదువు వినలేదు. చేతులు కమ్మీని పట్టుకుని బిగుసుకుపోయాయి, కళ్ళు కిందున్న చెట్ల మీద కాకుండా పైనున్న పిన్ను కోసం వెతికాయి. పైకప్పు అడ్డం, ఏమీ కనపడలేదు. ఎడమవైపు లేచాం, నేల నా కుడి మోచేతి పక్కకి వచ్చినట్టయింది, స్తంభం ఒకటి చాలా దగ్గర్లోంచి వెళ్ళిపోయింది. దగ్గర అనిపించడం కావాలని చేసేదే. మనిషి సీట్లో కూర్చుని చేతులు కాళ్ళు ఎంత చాచినా, బోగీ అటూ ఇటూ ఎంత ఊగినా అందే మొత్తం మేర ఎంతో ముందే లెక్కగట్టి, దానికి బయటే స్తంభమైనా, చెట్టయినా ఉండేలా చూస్తారు. ఆ లెక్కకి అమెరికాలో ఏఎస్‌టీఎం అనే సంస్థ ప్రమాణాలు, యూరప్‌లో ఈఎన్ 13814 అనే ప్రమాణం ఉన్నాయి. ఇది తెలిసి కూడా నేను మోచేయి లోపలికి లాక్కున్నాను.

మూడో మలుపుకి అలవాటైంది. అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. కుడివైపు లేచినప్పుడు ఊపు చివర్లో మెత్తగా, ఎవరో చేత్తో ఆపినట్టు నెమ్మదించి వెనక్కి వస్తోంది. ఎడమవైపు లేచినప్పుడు మాత్రం చివర్లో "టక్" మని ఒక గట్టి దెబ్బ, నడుము దాకా తెలిసేంత. అరచేతిని తొట్టి అంచు మీద ఆనించి పెట్టాను. ఇది మా పనిలో అలవాటు, చెవి మోసపోయినా చెయ్యి మోసపోదు. తర్వాతి ఎడమ ఊపులో మళ్ళీ అదే. కుడివైపు లేదు. కంచె దగ్గర ఆ కుర్రాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

అంతలో రెండో ఎత్తు ఎక్కుతుండగా మధ్యలో గొలుసు ఆగిపోయింది. కటకట చప్పుడు ఆగింది, గాలి చప్పుడు మాత్రమే మిగిలింది. తొట్టెలు కొంచెం కొంచెంగా ఊగుతున్నాయి. ముందు బోగీలో ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. మా ముందు కూర్చున్నాయన కమ్మీని రెండు చేతులా పైకి లాగుతూ, "తీయండి, దిగుతాం" అంటున్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి, "సార్, ముందు రైలు ఇంకా స్టేషన్‌లో ఉన్నట్టుంది, అది కదిలితే మనం కదులుతాం" అన్నాను. నాకు ఖాయంగా తెలియదు, కానీ అదే ఎక్కువ సార్లు జరిగేది. దారిని కొన్ని బ్లాకులుగా విడగొట్టి ఉంటారు, ఒక బ్లాకులో ఒకే రైలు ఉండాలి. ముందున్న బ్లాకు ఖాళీ కాకపోతే వెనక రైలు ఆగిపోతుంది, మనిషి మరిచిపోయినా యంత్రం ఆపేస్తుంది. స్టేషన్‌లో ఒకరి కమ్మీ పడకపోతే చాలు, వెనకవాళ్ళు ఇలా వేలాడాల్సి వస్తుంది. రైడ్ ఆగిందంటే చెడిపోయిందని జనం అనుకుంటారు. ఆగాల్సిన చోట ఆగిందంటే దాని అర్థం చాలాసార్లు వేరు. నిజంగా దింపాల్సి వస్తే పక్కనే మెట్లున్నాయి, సిబ్బంది వచ్చి ఒక్కొక్కరినే దింపుతారు. మనంతట మనం కమ్మీలోంచి బయటపడాలని చూడటమే ప్రమాదం.

మైకులో ఎవరో మాట్లాడారు, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇది నాకు నచ్చని విషయం. లక్షల లక్షలు పెట్టి కట్టిన యంత్రానికి ఒక మంచి స్పీకర్ పెట్టలేరా? అలా గాల్లో వేలాడుతున్నవాడికి కావాల్సింది అర్థమయ్యే ఒక్క వాక్యం. కాసేపటికి గొలుసు మళ్ళీ కదిలింది. మిగతా దారంతా పిల్ల అరుస్తూ నవ్వుతూ, నేను చెయ్యి తొట్టి అంచు మీద పెట్టుకుని దెబ్బలు లెక్కపెట్టుకుంటూ వచ్చాం.

దిగగానే ఆపరేటర్ కుర్రాడికి చెప్పాను. "అది అలాగే ఉంటుంది సార్, ఊగే రైడ్ కదా" అన్నాడు. అతని తప్పేమీ లేదు, వెనకాల వంద మంది నిలబడి ఉన్నారు. అతని చేతిలో ఉన్నది కమ్మీలు, బటన్లు. అందుకే అక్కడ వాదన పెట్టుకోకుండా పార్కు ఆఫీసుకి వెళ్ళాను. మా చెల్లెలు, "నీకు సెలవు రోజు కూడా డ్యూటీయే" అంది.

కౌంటర్‌లో అమ్మాయి కంప్లయింట్ ఫారం ఇచ్చింది. నా ముందు ఎవరో రాసి పెట్టిన ఫారం కనపడింది, "రైడ్ చాలా భయంకరంగా ఉంది, సేఫ్టీ లేదు" అని. అలా రాస్తే చదివే మెకానిక్ ఏం చేయగలడు? నేను ఇలా రాశాను: నీలం రైలు, చివరి బోగీ, ఎడమవైపు ఊపు చివరలో మాత్రమే గట్టిగా దెబ్బ, కుడివైపు లేదు, మూడో మలుపు తర్వాత స్పష్టంగా తెలుస్తుంది, తిన్నని దారిలో ఈ బోగీ మిగతావాటి కంటే ఎక్కువసేపు ఊగుతోంది. టైమ్ వేశాను. నా ఫోన్ నంబర్, చేసే పని రాశాను. భయం గురించి ఒక్క మాట రాయలేదు.

అరగంట కూడా కాకముందే ఫోన్ వచ్చింది. మెయింటెనెన్స్ టెక్నీషియన్ ఒకాయన రైడ్ పక్కన గేటు దగ్గరికి రమ్మన్నాడు. నడివయసు మనిషి, చేతుల నిండా గ్రీజు. "ఎడమవైపే అన్నారు, ఖాయమేనా సార్?" అని అడిగాడు. అరచేయి సంగతి చెప్పాను. తల ఊపాడు. "మీరు క్రేన్లు చూస్తారా? అయితే మీకు ఊగితేనే పడదు" అని నవ్వాడు.

షెడ్డులో బల్ల మీద విప్పి పెట్టిన పాత షాక్ అబ్జార్బర్ ఒకటి చూపించాడు. మోచేయంత పొడుగు, రెండు చివరలా కన్నం ఉన్న చెవులు, కన్నాల్లో బుష్‌లు. ఊపు వేగాన్ని మింగేది లోపలున్న నూనె. ఊపు మరీ ఎక్కువైతే ఆఖర్న ఆనుకోవడానికి విడిగా రబ్బరు బంపర్ ఉంటుంది. ఆయన చేతిలో ఉన్న బంపర్ ఒక పక్క నలిగి, అంచు విరిగి, లోపలి రేకు కనపడుతోంది. "నూనె కొంచెం కారినా, ఇది అరిగినా మీరు విన్న టక్ వస్తుంది. మనుషులకి వెంటనే ఏమీ కాదు. కానీ ఆ దెబ్బ ఎక్కడికి పోతుంది?" అని నన్నే అడిగాడు. పిన్నుకి, అది పట్టుకున్న వెల్డింగ్‌కి, చక్రాల బండికి, పట్టాకి. 1981 నాటి కథ గుర్తొచ్చింది. రోజుకి వందల సార్లు పడే చిన్న దెబ్బే లోహాన్ని అలిసిపోయేలా చేస్తుంది. ఒకేసారి పడే పెద్ద బరువుకి డిజైన్‌లోనే మార్జిన్ ఉంటుంది.

ఏమేం చూస్తారని అడిగాను. పొద్దున్నే తాళం తీశాక ఎవరూ ఎక్కకముందు పట్టా వెంట నడిచి చూడటం, చక్రాల అరుగుదల, బోల్టులు వదులైతే తెలిసేలా వాటి మీద గీసిన గీత జరిగిందా లేదా, కమ్మీల లాకులు, ఖాళీ రైళ్ళని తిప్పి చూడటం. సీజన్ అయ్యాక రైళ్ళని విప్పి పిన్నులకీ, వెల్డింగులకీ క్రాక్ టెస్ట్. మేం హుక్కులకి చేసేదే. పిన్నుని శుభ్రంగా తుడిచి, రంగు ద్రవం పూసి, తుడిచేసి, తెల్ల పొడి చల్లితే పగులు ఉన్నచోట ఎర్రటి గీత బయటికి వస్తుంది. ఆ రికార్డు పుస్తకం బల్ల మీదే ఉంది. పేజీలు తిప్పి చూపించాడు, కొన్ని చోట్ల "మార్చాం" అని రాసి ఉంది. అన్నీ "ఓకే" అని ఉండే రికార్డు చూస్తే నాకు నమ్మకం కుదరదు. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి పట్టుకున్నట్టు ఉండాలి.

గాలి సంగతి కూడా అడిగాను. ఎత్తులో గాలి వేగం కొలిచే మీటర్ ఉందని, ఒక హద్దు దాటితే ఆపేస్తామని చెప్పాడు. ఆయనకి గాలి కంటే చెట్లంటే ఎక్కువ భయమట. ఈ రైడ్లని చెట్ల మధ్యలోంచి వేస్తేనే అందం, చెట్టు మాత్రం డ్రాయింగ్‌లో ఉన్నచోటే ఉండదు, పెరుగుతుంది. 2014 జులైలో మ్యాజిక్ మౌంటెన్‌లో నింజాకి జరిగింది అదే. చెట్టు కొమ్మ దారిలో పడి ముందు బోగీ పట్టా తప్పింది. నలుగురికి స్వల్ప గాయాలయ్యాయి, మిగతావాళ్ళు సిబ్బంది వచ్చి దింపేదాకా ఎత్తులో వేలాడుతూ ఉండిపోయారు. ఆయన దాన్ని వివరంగా చదివి పెట్టుకున్నాడు. "మేం బోల్టులు చూసినట్టే కొమ్మలు చూడాలి సార్" అన్నాడు. కంచె దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒక్కరు కూడా చెట్ల మాట ఎత్తలేదు.

మేం మాట్లాడుతుండగానే ఆయన వాకీటాకీలో ఏదో చెప్పాడు. నీలం రైలు పక్క పట్టా మీదకి వెళ్ళిపోయింది. ఎరుపు ఒక్కటే తిరగడం మొదలైంది. ఫలితం క్యూలో కనపడింది, అది రెండింతలైంది. నిలబడ్డవాళ్ళు విసుక్కుంటున్నారు. "ఎవరో కంప్లయింట్ చేశారట" అని ఒకాయన నా ముందే అన్నాడు. మా చెల్లెలు నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. పిల్లకి ఇంకోసారి ఎక్కాలని ఉంది, ఆ క్యూని చూసి నావైపు ఒక చూపు చూసింది. చివరికి ఎక్కింది, ఈసారి ఎరుపు రైల్లో, నాతోనే. కుడికీ ఎడమకీ ఒకేలా మెత్తగా ఊగింది. చేతులు కమ్మీ మీదే ఉన్నాయి కానీ బిగుసుకోలేదు.

ఇంటికి వచ్చాక కొన్నాళ్ళకి పార్కు నుంచి మెయిల్ వచ్చింది. చివరి బోగీ ఎడమవైపు షాక్ అబ్జార్బర్, బంపర్ మార్చామని, ఆ వైపు పిన్నుకి క్రాక్ టెస్ట్ చేస్తే ఏమీ కనపడలేదని, రైలు మళ్ళీ తిప్పుతున్నామని రాశారు. మా దగ్గర ఇలాంటివి జతగా మారుస్తాం, ఒక వైపు కొత్తది, ఇంకో వైపు పాతది అయితే బరువు సమంగా పంచుకోవు. కుడివైపుది కూడా మార్చారా అని తిరిగి రాశాను. జవాబు ఇంకా రాలేదు. వారం చూసి టెక్నీషియన్‌కే ఫోన్ చేస్తాను.